సాయంత్రం బేరం

మా అమ్మ కూరగాయలకి పొద్దున పూట పోయేది కాదు. మధ్యాహ్నం ఒక కునుకు తీసి, కాఫీలయ్యాక తల దువ్వుకుని, గోడ గడియారంలో ఐదున్నర అవుతుంటే "పదరా" అనేది. సంచులు రెండూ నా చేతికిచ్చేది. ఒకటి నాన్న పాత ప్యాంటు గుడ్డతో కుట్టింది, ఉర్లగడ్డలకీ ఎర్రగడ్డలకీ. రెండోది ఆకుపచ్చా తెలుపూ కలిపి ప్లాస్టిక్ వైరుతో అమ్మే అల్లిన బుట్ట, టమాటాలూ ఆకుకూరలూ నలగకుండా ఉండేందుకు. డబ్బులు మాత్రం నాకిచ్చేది కాదు. చిన్న గుడ్డసంచీలో వేసి బొడ్డులో దోపుకునేది.

1980లలో నెల్లూరు జిల్లా కావలి సంగతి ఇది. నాన్నది గుమాస్తా ఉద్యోగం. ఇంట్లో ఐదుగురం: అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను, చెల్లి. నెలలో ఇరవయ్యో తేదీ దాటిందంటే కంచంలోనే తెలిసిపోయేది. కూరలు తగ్గి చారు, చింతకాయ పచ్చడి, మజ్జిగ పులుసు ఎక్కువయ్యేవి. ఆ పది రోజుల్ని ఐదు రోజులకి కుదించడానికి అమ్మ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయం బేరం. దాన్ని ఆమె ఎంత శ్రద్ధగా చేసేదో చెప్పాలని నాకు చాలా రోజులుగా ఉంది. పిసినారితనం అనుకునేవాళ్లు మా చుట్టాల్లో కూడా ఉండేవాళ్లు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది ఆ మాటకి.

మార్కెట్లోకి అడుగుపెట్టగానే అమ్మ ఏమీ కొనేది కాదు. ముందు ఒక చుట్టు ఊరికే తిరగాలి. సంచులు మడిచి నా చంకలో ఉండాలి, విప్పకూడదు. సంచి విప్పి ఉంటే వీళ్లు కొనడానికే వచ్చారని తెలిసిపోయి రేటు దిగదంట. ఆ చుట్టులో నలుగురైదుగుర్ని అడిగేది.

"ఎట్టిస్తున్నావు వంకాయలు?"

"రెండూపాయలమ్మా."

"ముదురున్నాయి గదా."

ఇంక ఆగదు, నడిచిపోతుంది. వెనక నుంచి "ఎంతకిమ్మంటావో చెప్పి పో తల్లీ" అని కేక వచ్చిందంటే ఆ అంగడి గుర్తు పెట్టుకునేది. రెండో చుట్టులో తిరిగి అక్కడికే వచ్చేది. ఈసారి కూర్చునేది. అమ్మ కూర్చుందంటే కొంటుందని అర్థం. నిలబడి బేరమాడితే అమ్మేవాళ్లు తలెత్తి చూడాల్సి వస్తుందనీ, అది మర్యాద కాదనీ అనేది. గోనెపట్టా అంచున గొంతుక్కూర్చుని, ఒక్కొక్క వంకాయా తీసి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, పుచ్చుల్లేనివి ఏరి తక్కెట్లో వేసేది. మాట్లాడుతూనే ఏరేది. ఏరడం పూర్తయ్యేసరికి బేరమూ పూర్తయ్యేది.

తక్కెడ దగ్గర మాత్రం నవ్వులాట లేదు. ఆ రోజుల్లో చాలామంది దగ్గర చేత్తో ఎత్తిపట్టుకునే తక్కెళ్లే ఉండేవి. దండె మధ్యలో ముల్లు నిటారుగా నిలబడాలి. కొందరు పడికట్టు రాయి ఉన్న వైపు దండె కొంచెం కురచ చేసేవాళ్లు, కొందరు కూరగాయల పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించేవాళ్లు, కొందరు చిటికెనవేలితో దండె నొక్కేవాళ్లు. అమ్మ ఎవర్నీ దొంగ అని అనేది కాదు. తూచడం అయ్యాక నెమ్మదిగా "కూరగాయలు ఆ పళ్లెంలో, రాయి ఈ పళ్లెంలో వేసి ఇంకోసారి తూయమ్మా" అనేది. అంతే. తూకం సరిగ్గా ఉన్నవాళ్లు విసుక్కుంటూనే మార్చి తూచేవాళ్లు. లేనివాళ్లు "ఎందుకులే తల్లీ, ఇంకో రెండు వేస్తా తీసుకో" అనేవాళ్లు. ఆ రెండూ వేయించుకుని లేచేది. బయటికొచ్చాక కూడా వాళ్లని తిట్టగా నేను వినలేదు.

కొసరు సంగతి వేరు. రేటు తెగాక, తూకం అయ్యాక, డబ్బులు చేతిలో పెట్టే ముందు అడగాల్సింది కొసరు. టమాటాలు కొంటే నాలుగు పచ్చిమిరపకాయలు, ఆకుకూర కొంటే రెండు రెబ్బలు కరివేపాకు, ములక్కాడలు కొంటే ఒక పిడికెడు చిన్న చింతకాయలు. ఇది తగ్గింపు కాదు, దానికి లెక్క లేదు. అడిగినామె హక్కుగా అడుగుతుంది, ఇచ్చినామె ఇష్టంగా ఇస్తుంది. మా ఇంట్లో కరివేపాకు, కొత్తిమీర డబ్బులు పెట్టి కొన్నట్టు నాకు గుర్తులేదు. ఇవాళ చిన్న ప్లాస్టిక్ కవర్లో పది రూపాయల కరివేపాకు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నాయనమ్మకి కిలోలు రావు. దేశమంతా కిలోల్లోకి మారి పాతికేళ్లు దాటినా ఆమె లెక్క వీశెల్లోనే. అమ్మ రెండు కిలోల దోసకాయలు తెస్తే "వీశెన్నర కూడా లేవే" అనేది. వీశె అంటే దాదాపు కిలో నాలుగొందల గ్రాములు కాబట్టి ఆమె చెప్పింది కరెక్టే. బియ్యం మాత్రం కొలతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఈ ఎక్కం నాకు బడిలో నేర్చుకున్న ఎక్కాలకంటే ముందొచ్చు. వడ్లయితే పుట్టి. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. బయటి జిల్లా చుట్టాలు వచ్చి, తమ పుట్టే అనుకుని, రేటు విని గుండెలు బాదుకుంటే, నాయనమ్మ మొదట ఆ 850 చెప్పి, ఆ తర్వాత మంచినీళ్లిచ్చేది. మా నెల్లూరు సన్నబియ్యం మొలగొలుకుల గురించి ఎవరైనా అడగాలే గానీ గంటసేపు చెప్పేది. మేము తినేది ఎక్కువగా రేషను బియ్యమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే నెలాఖర్లో అప్పు బియ్యం తేవడం తగ్గిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఉప్పు బండి మీద వచ్చేది. మానికతో కొలిచేవాడు. తలకొట్టకుండా గోపురంలాగా పోయించుకోవాలి. మామిడికాయలు ఉలవపాడు వైపు నుంచి బుట్టల్లో వచ్చేవి. ఆవకాయ కాయకి అమ్మ బేరం ఆడే ముందు ఒక ముక్క కోయించి, సగం తను కొరికి సగం నాకిచ్చేది. పళ్లు పులిసిపోతేనే కాయ కొన్నట్టు.

చేపల బేరం మాత్రం మార్కెట్లో కాదు, మా గడపలో. తుమ్మలపెంట నుంచి ఒకామె వచ్చేది. నెత్తి మీద గంప, గంప కింద చుట్టకుదురు, చీర మోకాళ్ల పైకి గోచీ పోసి కట్టు. పొద్దున ఏడున్నరకల్లా వీధి మొదట్లో ఆమె గొంతు వినబడేది. గంప దించడానికి ఒక చెయ్యి వేయాలి, ఆ చెయ్యి వేసినవాళ్లకే మొదటి బేరం. అమ్మ నన్ను పరిగెత్తించేది అందుకే.

చేపకి తక్కెడ లేదు. కవళ్లూ నెత్తళ్లూ అయితే వాటాలు వేసి పెట్టేది. వంజరం, మాగ లాంటివి వస్తే ఒక్కో చేపకి ఇంత అని. అమ్మ చేప మొప్ప ఎత్తి చూసేది, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు.

"ఎంత మే ఈ వాటా?"

"ఐదు రూపాయలమ్మా. బోణీ, కాదనబాక."

"బోణీ అని పోయినసారీ చెప్తివి. మూడు."

"మూడుకి నువ్వు ఏటికి పోయి గాలం వేసుకోవాల. నాలుగున్నర."

"మూడున్నర. ఒక మాట."

"తల్లీ, సముద్రంలో నుంచి తెచ్చింది, మీ పెరట్లో కోసింది కాదు."

ఇట్లా పది నిమిషాలు. మధ్యలో నాయనమ్మ లోపల్నుంచి "ఇచ్చెయ్యవే నాలుగు, పాపం" అని కేకేసేది. అది ముందే అనుకున్నదేమో అని నాకు అనుమానం. నాలుగుకి తెగేది. వాటా చేట్లో పడ్డాక చేపలామె ఇంకో నాలుగు నెత్తళ్లు విదిలించేది. అమ్మ ఆమెకి చెంబుతో మంచినీళ్లు, ఒక్కోసారి రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఇచ్చేది. అర్ధరూపాయి కోసం అంత పోట్లాడిన మనిషి, ఆ అర్ధరూపాయికి మించిన అన్నం పెడుతుంటే నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు. అడిగితే "బేరం బేరమే, ఆకలి ఆకలే" అంది. బూడిద వేసి చేపలు తోముతూ అంది, తలెత్తకుండా.

1989 నవంబరులో తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. నాకు పదమూడేళ్లు. ఆ రాత్రి మా వంటింటి మీది రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే వీధిలో వేపచెట్టు అడ్డంగా పడి ఉంది. కరెంటు చాలా రోజులు లేదు. చేపలామె రెండు వారాలు రాలేదు. వచ్చినప్పుడు గంపలో పచ్చి చేపలు లేవు, అడుగున పాత ఎండు నెత్తళ్లు కొంచెం. పడవా పోయింది, వలా పోయింది అని చెప్పింది. అమ్మ ఎంత అని అడిగింది. ఆమె చెప్పింది. అమ్మ లోపలికి వెళ్లి డబ్బులు తెచ్చి ఇచ్చింది. అమ్మ బేరమాడకుండా కొన్నది నేను చూడటం అదే మొదటిసారి. చేపలామె ఆ డబ్బులు చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. "ఏందమ్మా, ఒక మాటైనా అడగవా" అంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

ఆ తుఫాను ఊరందరికీ కనబడింది. ఇప్పుడు చెప్పేది అట్లా కనబడనిది.

మార్కెట్లో ఒక దోసకాయల అక్క ఉండేది. కలిగిరి రోడ్డు వైపు ఊరు. పొద్దున బస్సు మీద గోనెసంచులు వేసుకుని వచ్చేది, సాయంత్రం బస్సుకి పోయేది. గుండ్రటి పచ్చ దోసకాయలు, సొరకాయలు, గోంగూర తెచ్చేది. అమ్మకి ఆమె దగ్గర కొనడం ఇష్టం. తూకం మోసం లేదు, మార్చి తూయమని కూడా అడిగేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, దీపాలు పెట్టే వేళకి ఆమె దగ్గర రేటు దిగినంతగా మార్కెట్లో ఇంకెవరి దగ్గరా దిగేది కాదు. పొద్దున రెండు రూపాయలకి అమ్మిన దోసకాయ సాయంత్రం ఆరు దాటితే రూపాయి, ఒక్కోసారి ముప్పావలా. అందుకని అమ్మ చివరి మజిలీ ఎప్పుడూ ఆమె దగ్గరే. కావాలని ఆలస్యం చేసేది. లైట్లు వెలిగేదాకా పప్పుల అంగడి దగ్గర ఏదో ఒకటి అడుగుతూ నిలబడేది.

1991లో, నాకు పదిహేను వచ్చాక, అమ్మ నడుం నొప్పితో నెల రోజులు మంచం మీద ఉంది. మార్కెట్టు పని నా మీద పడింది. అమ్మ అన్నీ చెప్పి పంపింది. సంచి విప్పబాక. మొదటి చుట్టులో కొనబాక. దోసకాయలు చివర్లో, లైట్లు వేశాక. ఆ సాయంత్రం నేను నేర్చుకున్నదంతా అమలు పెట్టాను. లైట్లు వెలిగాక దోసకాయల అక్క ముందు గొంతుక్కూర్చున్నాను.

"రూపాయి పావలా నాయనా."

"ముప్పావలా అక్కా."

ఆమె నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా అవతలికి చూస్తోంది. నేనూ తిరిగి చూశాను. సోడాబండి పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పంచె, భుజాన తువ్వాలు. బీడీ తాగుతూ ఇటే చూస్తున్నాడు.

"సరే తీసుకో నాయనా. అన్నీ తీసుకుంటావా? అన్నీ తీసుకుంటే అర్ధకే ఇస్తా."

మిగిలిన నాలుగు కిలోలూ రెండు రూపాయలకి ఇచ్చేసింది. తక్కెడ పట్టుకున్న చెయ్యి వణికింది. నేను డబ్బులిచ్చానో లేదో ఆ మనిషి వచ్చాడు. చెయ్యి చాపాడు. ఆమె చీర చెంగు ముడి విప్పి ఇచ్చింది. అతను లెక్కపెట్టి, ఇంకా ఏదో అడిగాడు. ఆమె లేదంది. అతను గోనెపట్టా కాలితో ఎత్తి చూశాడు. తర్వాత బస్టాండు వైపు పోయాడు. అటు సారా అంగడి ఉంది. అతను పోయాక ఆమె గోంగూర కట్టల మధ్య నుంచి మూడు రూపాయి బిళ్లలు తీసి జాకెట్లో వేసుకుంది. నన్ను చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపింది. ఎవరికి చెబుతానని అనుకుందో.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీదే లేచి కూర్చుని సంచి తడిమి చూసింది. రెండు రూపాయలకి నాలుగు కిలోలు. "నా కొడుకు నన్ను మించాడు" అని నాయనమ్మని పిలిచి మరీ చెప్పింది. నాన్న కూడా నవ్వాడు. నేను సోడాబండి దగ్గర మనిషి సంగతి చెప్పలేదు. ఆ మెచ్చుకోలు పోతుందని చెప్పలేదు. ఆ దోసకాయల పప్పు నాకు గొంతు దిగలేదు అని రాస్తే అబద్ధమవుతుంది. తిన్నాను. బాగుంది కూడా.

మరుసటి ఏడాది, 1992లో, మా జిల్లాలో ఏం జరిగిందో దేశమంతటికీ తెలుసు. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ మాట ఊరి నుంచి ఊరికి పాకింది. కారప్పొడి, చీపుర్లు, రోకళ్లు పట్టుకుని సారా అంగళ్ల ముందు కూర్చున్నారు. పాటలు ఆపారు, పాటలంటే సారా వేలంపాటలు. మార్కెట్లో ఎక్కడ చూసినా అదే మాట. మిరపకాయలామె, ఆకుకూరలామె, అరటికాయలామె, ఒకరు బస్సు దిగగానే ఇంకొకరు "మీ ఊళ్లో ఏమైంది?" అని అడిగేవాళ్లు. రాష్ట్రమంతా సారా నిషేధం 1993 అక్టోబరు 1న వచ్చింది గానీ, మా వైపు చాలా ఊళ్లలో అంతకు ముందే సారా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మా నేనూ లైట్లు వేశాక దోసకాయల అక్క దగ్గరికి వెళ్లాం. గోనెపట్టా మీద ఇంకా సగం కాయలున్నాయి.

"ఎట్టిస్తావు?"

"రెండున్నరమ్మా."

పొద్దుటి రేటే అది. అమ్మ నవ్వింది. "చీకటి పడింది గదా. ఒకటిన్నర చెయ్యి."

"రాదమ్మా."

"రెండు."

"రెండున్నరే తల్లీ. ఉంటే రేపు అమ్ముకుంటా. ఇయ్యేమన్నా ఆకుకూరలా, వాడిపోయేదానికి?"

అమ్మకి కోపం వచ్చింది. లేచింది, నడిచింది. వెనక నుంచి కేక వస్తుందని పది అడుగులు నెమ్మదిగానే నడిచింది. రాలేదు. నేను తిరిగి చూశాను. ఆమె మిగిలిన కాయల్ని తొందర లేకుండా గోనెసంచిలోకి సర్దుకుంటోంది. సోడాబండి దగ్గర ఎవరూ లేరు.

"ఇంత పొగరేంది ఈమెకి" అంది అమ్మ దారిలో. ట్రంకు రోడ్డు మీద లారీలు పోయేదాకా ఆగాం. అప్పుడు చెప్పాను. ఆ మనిషి సంగతి, లెక్కపెట్టిన డబ్బులు, గోంగూరలో దాచిన మూడు రూపాయలు, అంతా. అమ్మ ఏమీ అనలేదు. లారీలు పోయాయి, రోడ్డు ఖాళీ అయింది, ఇంకా నిలబడే ఉంది. నేనే చెయ్యి పట్టుకుని దాటించాను.

రాత్రి వంటింట్లో పోయిన వారం తెచ్చిన దోసకాయ ఒకటి మిగిలి ఉంటే కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. చివర కోసి, చేదు ఉందేమోనని నాలుక మీద పెట్టుకుని చూసింది. కాయ అట్లాగే చేతిలో పట్టుకుని అంది: "దోసకాయ పది రోజులున్నా చెడదు గదరా. మరి రోజూ దీపాల వేళకి అట్టా తెగనమ్ముకునేది ఎందుకని నేనొక్కసారైనా అడిగానా?"

నాయనమ్మ అవతల గదిలో నుంచి "ఎవరితో మాట్లాడతన్నావే" అంది. అమ్మ పలకలేదు.

మర్నాడు అమ్మ పొద్దున పదింటికే మార్కెట్టుకి పోయింది. నాకు ఆరోజు బడి లేదు, వెంట వెళ్లాను. దోసకాయల అక్క అప్పుడే గోనెలు విప్పి కాయలు పేరుస్తోంది. అమ్మను ఆ వేళప్పుడు చూసి ఆశ్చర్యపోయింది.

"ఏందమ్మా, పొద్దున్నే వచ్చావు?"

"ఎట్టిస్తున్నావు?"

"రెండున్నరే."

"రెండుంబావలా."

"బోణీ బేరం, కాదనను. తీసుకో."

అమ్మ గోనెపట్టా అంచున కూర్చుని రెండు కిలోలు ఏరుకుంది. డబ్బులిచ్చింది. లేవబోతుంటే అక్కే ఆపి, ఒక గోంగూర కట్ట తీసి వైరుబుట్టలో పెట్టింది.